అబద్ధం చెప్పి అన్నం పెట్టని మనిషి

పోయిన నెల రాంగోపాల్‌పేట్‌లోని ఒక బ్యాంకులో నా వంతు కోసం కూర్చుని ఉన్నాను. ఒక పెద్దావిడ కౌంటరు ముందు కూర్చోబోతుంటే అక్కడి ఉద్యోగి లేచి వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. కుర్చీని ఈడ్వలేదు. రెండు చేతులతో వెనక భాగం పట్టుకుని కాస్త పైకెత్తి, మోకాలితో ముందుకు జరిపాడు. గచ్చు మీద ఇంత చప్పుడైనా కాలేదు. తాను ఎప్పుడు కూర్చుందో ఆమెకే తెలిసినట్టు లేదు.

అట్లా కుర్చీ వేసే మనిషిని నేను జీవితంలో ఒక్కరినే చూశాను. నా పని వదిలేసి వెళ్లి, ఇది ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను. ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. చదువుకునే రోజుల్లో రెండేళ్లు క్లాక్ టవర్ దగ్గరి పెద్ద రెస్టారెంటులో సర్వరుగా చేశాడట. అక్కడికి నేనూ ఏడాదికొకసారి పోతానన్నాను.

"కెప్టెన్ సాబ్ నేర్పిండు సార్. ఖాళీ కుర్చీలు ముందల పెట్టి వారం దినాలు జరిపిచ్చిండు. ఆయన పోయి రెండు నెలలాయె. మీకు తెల్వదా?"

నాకు తెలియదు. ముప్పై ఏళ్లకు పైగా ఎరిగిన మనిషి పోతే రెండు నెలల తర్వాత బ్యాంకులో తెలిసింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. కోటు జేబు మీద ఇత్తడి పలకలో ఉండేది, చదివాను కూడా. కానీ ఆ హాల్లో ఎవరూ ఆయన్ను పేరుతో పిలవలేదు. సర్వర్లందరికీ పైవాడు కాబట్టి యజమాని కూడా కెప్టెన్ అనే అన్నాడు. ఉన్నన్నాళ్లూ పిలవని పేరు పోయాక పిలవడం నాకు మర్యాదగా తోచదు.

మాది ఒకప్పుడు పెద్ద ఇల్లు. ఎంత పెద్దదో చెప్పను. చెప్తే ఇప్పుడున్న సీతాఫల్‌మండి రెండు గదుల వాటాను తక్కువ చేసినట్టవుతుంది, ఆ వాటాలో మేము ఎవరికీ తలవంచకుండానే బతుకుతున్నాం. ఊళ్లో గడి పోయింది, భూములు పోయాయి, చివరికి ఇత్తడి గంగాళాలు కూడా పోయాయి. నాన్న మాత్రం రెండు వదల్లేదు. ఒకటి షేర్వాణీ. రెండోది, ఏడాదికొకసారి తన పుట్టినరోజున నన్నూ చెల్లెల్నీ ఆ రెస్టారెంటుకు తీసుకుపోవడం.

ఆ షేర్వాణీ మోచేతుల దగ్గర పలచబడి లోపలి గుడ్డ కనిపించేది. తలుపు దగ్గర నిలబడ్డవాళ్ల చూపులు ముందు అక్కడికే పోయేవి. కెప్టెన్ మాత్రం నాన్న ముఖంలోకే చూసేవాడు. కిటికీ పక్క టేబులు దాకా నాన్నకు ఒక అడుగు ముందు నడిచేవాడు. దారి చూపించినట్టు ఉండేది కాదు, దారిలో అడ్డం లేకుండా చూస్తున్నట్టు ఉండేది. నాన్న నడక ఆ పది అడుగుల్లో మళ్లీ పాత నడక అయ్యేది. నాన్న పోయాక నేను కూడా ఆ నియమం తప్పలేదు. అదే రోజు, అదే కిటికీ.

పళ్లెం బల్ల మీద పెట్టే ముందు ఆయన వేళ్ల వెనక వైపుతో దాని అడుగును తాకి చూసేవాడు. చల్లగా ఉంటే ఒక్క మాట మాట్లాడకుండా వెనక్కి తీసుకుపోయేవాడు. బిర్యానీని పైనుంచి కలపనిచ్చేవాడు కాదు, గరిటెను గిన్నె అంచు వెంట అడుగుదాకా దించి, పొరలు చెదరకుండా ఎత్తి పెట్టేవాడు. "ఇంకేం కావాలి" అని ఆయన అడగడం నేను వినలేదు. మనకు కావలసినప్పుడు మన కంటికి ఎదురుగా ఉండేవాడు, అంతే.

ఒక టేబులు మీద నలుగురిలో ముగ్గురు తినేసినా, నాలుగో మనిషి తినేదాకా ఒక్క ఖాళీ పళ్లెం తియ్యనిచ్చేవాడు కాదు.

"ప్లేట్ తీస్తే తినేటోళ్లు తొందరపడ్తరు సార్. అందరిది కానీయాలె."

నోటి దురుసు లేదని కాదు. ఒకసారి పక్క టేబులు మీద ఖరీదైన గడియారం పెట్టుకున్న పెద్దమనిషి ఆయన్ను పిలవడానికి చిటికెలు వేశాడు. ఒకటి, రెండు, మూడు. కెప్టెన్ వెళ్లి ఎంతో ఆదుర్దాగా వంగి అడిగాడు.

"ఏం సార్, వేళ్లు పట్టేసినయా? వేడినీళ్లు తెప్పియ్యనా?"

ఆ మనిషి భార్య నవ్వు ఆపుకోలేక రుమాలు అడ్డం పెట్టుకుంది. కెప్టెన్ ముఖంలో మాత్రం ఏమీ లేదు. నిజంగానే వేడినీళ్లు తెప్పించాడు.

ఇంకోసారి మా ఆవిడ చేప చెప్పబోతే, "ఇయ్యాల వద్దమ్మా, నిన్నటిది" అన్నాడు. మెనూలో ఉంది కదా అన్నాను నేను. "మెనూ అచ్చేసినోళ్లు ఆ చేపను చూడలే సార్." మేనేజరు పక్కనే ఉన్నాడు. విన్నాడు. కెప్టెన్‌కు ఆయన విన్నాడని తెలుసు.

ఇవేవీ మా అమ్మ చూడలేదు. నాన్నతో ఒక్కసారి కూడా అక్కడికి రాలేదు. దానికి కారణం మా ఇంటి నియమం. ఇంట్లో ఆఖరి మనిషి తినేదాకా, అంటే దొడ్లో పశువుల దగ్గరున్న మనిషితో సహా అందరూ తినేదాకా, ఇంటి ఇల్లాలు విస్తరి ముందు కూర్చోకూడదు. మా నానమ్మ అట్లానే చేసింది, అమ్మ పదహారో ఏట కాపురానికి వచ్చినప్పటినుంచీ అట్లానే చేసింది. "అందరు తిన్నరా?" అని వంటింటి గడపలో నిలబడి అడగడం, లోపలినుంచి "తిన్నం దొరసానీ" అని వినబడడం, అప్పుడు ఆమె కూర్చోవడం. చిన్నప్పుడు రోజూ చూశాను. ఈ సంగతి నేను పెళ్లిళ్లలో, ఆఫీసులో, ఎక్కడ మా ఇంటి మాట వచ్చినా చెప్పేవాణ్ని. భూమి ఎవరైనా కొనుక్కోవచ్చు, ఇది కొనుక్కోలేరు అని కూడా అనేవాణ్ని.

నాలుగేళ్ల కింద అమ్మకు ఎనభై నిండాయి. సైనిక్‌పురిలో ఉండే మా చెల్లెలు పట్టుబట్టింది, అమ్మను నాన్న కూర్చున్న టేబులు దగ్గర ఒక్కసారైనా కూర్చోబెట్టాలని. ఆ మాటకు అమ్మ కరిగింది. అమ్మ, నేను, మా ఆవిడ, చెల్లెలు, వాళ్లాయన. ఆయన గుంటూరు వైపు మనిషి, మిలిటరీలో చేసి రిటైరయ్యాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్లాం. హాలు నిండుగా ఉంది.

కెప్టెన్ అమ్మకు కుర్చీ వేశాడు. సూపు అయ్యింది, అమ్మ ముట్టలేదు. బిర్యానీ వచ్చింది. ఆయన మొదటి వడ్డన అమ్మకు చెయ్యబోతే ఆమె పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టి, తల ఎత్తి అడిగింది.

"మీరంత తిన్నరా నాయనా?"

అది ఊరికే అన్న మాట అనుకునే మనిషికి అది ఊరికే అన్న మాటే. ఔనమ్మా అంటే అయిపోయేది. కెప్టెన్ గరిటె ఆపాడు.

"లేదమ్మా. పొద్దున టిఫిన్ అయింది. మా భోజనాలు నాలుగింటికి."

"మరి నేనెట్ల తింట?"

చెల్లెలు తల పట్టుకుంది. "అమ్మా, ఇది హోటలే. మనింటి దొడ్డి కాదు."

"హోటలైతే ఏందే. వండినోళ్లు, పెట్టేటోళ్లు మనుషులే కద. మీరు తినుండ్రి. నేను నాలుగింటికి తింట."

"ఏవండీ బావగారూ," అన్నాడు చెల్లెలి భర్త నా వైపు వంగి, "మీ ఇంటి నియమం వినడానికి బాగుందిగానీ, చూస్తుంటే కాస్త ఆకలితో చంపేట్టుందండీ."

నవ్వే స్థితిలో లేను నేను. అమ్మ పొద్దునే షుగరు మాత్ర వేసుకుంది. ఒంటిన్నరకు తినకపోతే వేళ్లు వణకడం మొదలవుతుంది, ఆ పైన చెమటలు. నాలుగింటిదాకా అంటే ఆస్పత్రే. ఇంకో సంగతి కూడా ఉంది, దాచను. నలుగురి మధ్య మా అమ్మ నవ్వులపాలవుతుందేమోనని నాకు వొళ్లు మండింది. లేచి కెప్టెన్‌ను పక్కకు తీసుకుపోయాను.

"తిన్నమని ఒక్క మాట చెప్పుండ్రి. పెద్దామె. అయిపోతది."

ఆయన నన్ను మొదటిసారి కొత్తవాణ్ని చూసినట్టు చూశాడు.

"అబద్ధం చెప్పి అన్నం పెట్టలే సార్ ఇప్పటిదాక. జెర ఆగుండ్రి."

ముందు ఆయన అమ్మ దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని, ఎదుటి పక్షం లాయరుతో మాట్లాడినట్టు మాట్లాడాడు. "మజ్జిగ తాగితే నియమం తప్పుతదా అమ్మా?" అమ్మ ఆలోచించింది. "మజ్జిగ తప్పు లేదు." పలచటి మజ్జిగ, దాంట్లో చెంచాడు చక్కెర. ఆమె తాగేదాకా అక్కడే నిలబడ్డాడు. తర్వాత వంటింటి తలుపు వైపు నడిచాడు. అది రెండు వైపులా ఊగే తలుపు, పైన గుండ్రటి అద్దం. ఆ తలుపు దగ్గర మేనేజరు ఆపాడు. మా టేబులుకు వినబడుతూనే ఉంది.

"లంచ్ టైంల స్టాఫ్ మీల్సా? హాల్ ఫుల్ ఉంది. పాగల్ అయినవా?"

"ఇద్దరిద్దర్ని పంపిస్త సార్. హాలు నేను చూస్త."

"ఎవరన్న కంప్లెయింట్ చేస్తే?"

"ఒక్క టేబుల్‌సంది కంప్లెయింట్ వస్తే రేపటిసంది నేను రాను. మీరే ఇంకొకల్ని చూస్కోండ్రి."

ఆయన అప్పటికి అరవైకి దగ్గర పడి ఉంటాడు. ఆ వయసులో ఆ కోటు విప్పితే మళ్లీ వేసుకోవడానికి ఇంకో కోటు దొరకదు. ఆయనకూ తెలుసు, మేనేజరుకూ తెలుసు. మేనేజరు పక్కకు జరిగాడు.

ఆ తర్వాతి నలభై నిమిషాలు నేను చూసినదాన్ని ఎట్లా చెప్పాలో ఇప్పటికీ నాకు తెలియదు. ఇద్దరు లోపలికి పోయేవాళ్లు, ఇద్దరు మూతులు తుడుచుకుంటూ వచ్చేవాళ్లు, మళ్లీ ఇద్దరు. వంటవాళ్లు కూడా వంతులు వేసుకున్నారు. సగం మంది లేని ఆ హాలును ఆయన ఒక్కడే మోశాడు. పరుగెత్తలేదు. అదే నాకు ఆశ్చర్యం. ఆయన నడక వేగం రవ్వంత కూడా పెరగలేదు. ఒక టేబులుకు నీళ్లు పోస్తున్నప్పుడే కళ్లు ఇంకో టేబులు మీద రొట్టె అయిపోవడం చూసేవి. అక్కడికి రొట్టె చేరేసరికి ఆ మనిషి చెయ్యి ఎత్తబోతూ ఉండేవాడు. ఏడుస్తున్న పసిపిల్ల ముందు నిమ్మకాయ చెక్క ఒకటి పెట్టాడు. పిల్ల దాన్ని నాకి ముఖం చిట్లించి, ఏడుపు మరిచి మళ్లీ నాకింది. ఎవరి గ్లాసూ ఖాళీ కాలేదు, ఎవరి మెడా వెనక్కి తిరగలేదు. మా నాన్న దసరానాడు మూడు వందల మందికి పందిళ్లలో భోజనాలు పెట్టించడం నేను చూశాను. దానికి నలభై మంది ఉండేవాళ్లు, ఎన్నో కేకలు ఉండేవి. ఇక్కడ ఒక మనిషి, ఒక్క కేక లేదు.

తిన్నవాళ్లు మా టేబులు పక్కనుంచి పోతూ అమ్మ వైపు తల వంచి, "తిన్నమమ్మా" అని చెప్పి పోతున్నారు. అమ్మ ఒక్కొక్కరి ముఖం చూసి సరే అంటున్నది. రెండుంబావు దాటింది. మజ్జిగ బలం తగ్గుతున్నట్టుంది, ఆమె వేళ్లు బల్లగుడ్డ అంచును పట్టుకున్నాయి. అప్పుడు కెప్టెన్ వచ్చాడు.

"అందరు తిన్నరమ్మా. గేటు కాడి వాచ్‌మన్ సుత తిన్నడు."

"మరి నువ్వు?"

ఆయన తనను తాను లెక్కలోకి తీసుకోలేదని నాకప్పుడు అర్థమైంది.

"నేను పోతే హాలు ఎవరు చూడాలె అమ్మా?"

"మావాడు చూస్తడు," అంది అమ్మ. నా వైపు తిరిగి, చిన్నప్పటి గొంతుతో అంది, "లెవ్వురా. నిలబడు."

మా వంశంలో ఇంకొకరికి వడ్డించడానికి నిలబడ్డ మగవాడు లేడు. లేచాను. కెప్టెన్ నన్ను ఒక క్షణం చూసి, ఎడమ చేతి మీది తెల్ల బట్ట తీసి నా చేతి మీద వేశాడు. మడత సరిచేశాడు. "టేబుల్స్ దిక్కు చూడుండ్రి సార్, తలుపు దిక్కు కాదు. నాలుగు నిమిషాలు." అని తలుపు తోసుకుని వెళ్లాడు.

ఒక్క ఫిర్యాదు వస్తే ఆ మనిషి కొలువు పోతుంది. అది నా చేతి మీద వేసిపోయాడు. మూడో టేబులు మీద ఒక ఆవిడ గ్లాసు ఎత్తింది. వెళ్లి నీళ్లు పోశాను, జగ్గు చెమటకు జారింది, గట్టిగా పట్టుకున్నాను. మూల టేబులు మీదినుంచి ఒకతను పిలిచాడు.

"భయ్యా, ప్లేట్లు తీసెయ్."

అరవై మూడేళ్లు నాకు. ఆయన పక్కన ఒక ముసలాయన ఇంకా మెల్లగా తింటున్నాడు. నా నోటినుంచి కెప్టెన్ మాట వచ్చింది.

"అందరిది కానీయుండ్రి సార్."

అతను ముసలాయన వైపు చూసి, "ఔ, కరెక్టే" అన్నాడు. ముసలాయన తల ఎత్తకుండానే ఇంకో ముద్ద నిదానంగా కలుపుకున్నాడు.

చూడొద్దన్నా ఒక్కసారి తలుపు అద్దంలోంచి చూశాను. కెప్టెన్ కోటు విప్పి, ఒక మేకుకు తగిలించి, నిలబడే అన్నం తింటున్నాడు. త్వరగా, కానీ మెతుకు రాలకుండా. చెయ్యి కడుక్కుని, కోటు వేసుకుని, గుండీలు అన్నీ పెట్టుకున్నాకే బయటికి వచ్చాడు. ముందు అమ్మ దగ్గరికే వెళ్లాడు.

"తిన్న అమ్మా."

"ఏం తిన్నరు?"

"అన్నం, టమాట పప్పు, మామిడికాయ తొక్కు."

"నాకూ అదే పెట్టు."

మెనూలో లేని ఆ పప్పన్నాన్ని ఆయన ఆ హాల్లోని మంచి పింగాణీ పళ్లెంలో తెచ్చాడు. వేళ్ల వెనక వైపుతో అడుగు తాకి చూసి, అమ్మ ముందు పెట్టాడు. ఎనభై ఏళ్లలో అమ్మ పదిమంది మధ్య తినడం అదే మొదటిసారి. రెండుసార్లు పప్పు అడిగి పెట్టించుకుంది.

వెళ్లేటప్పుడు కెప్టెన్ మమ్మల్ని మెట్ల దాకా సాగనంపాడు. మిగతావాళ్లు కారు దగ్గరికి వెళ్లారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఉంది. నేను ఉండబట్టలేక అడిగాను, ఒక్క మాట అబద్ధం చెప్తే అయిపోయేదానికి నౌకరీ మీదికి ఎందుకు తెచ్చుకున్నారని.

ఆయన రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. "మా అమ్మ ఒక దొరలింట్ల వంటకాడ చేసేది సార్. అక్కడ సుత గిట్లనే అడుగుతుండె. తిన్నమని చెప్పేటోళ్లు. తినకున్నా చెప్పేటోళ్లు. దొరసానమ్మ తింటెనే పని ఒడుస్తది, పని ఒడిస్తెనే ఇంటికొస్తది. ఇంటికాడ మేం నలుగురం ఎదురు చూస్తుంటిమి. రోజు ఆ అబద్ధం చెప్తేనే మా అమ్మ మా కాడికి వచ్చేది." అప్పుడు నా వైపు తిరిగాడు. "ఈ ఒక్కపారి నిజంగ తిని చెప్పాల్ననిపిచ్చింది."

అమ్మ నా చెయ్యి వదిలేసింది.

"నాకు తెలుస్తుండె నాయనా," అంది. "కడిగి బోర్లిచ్చిన కంచాలు మనుషులకంటె తక్కువుంటుండె. అయినా తింటుంటి. ఆకలైతుండె."

"తినాల్నే కదమ్మా," అన్నాడు కెప్టెన్. ఆ గొంతులో కోపం లేదు, క్షమించినట్టూ లేదు. ఒక పని తెలిసిన మనిషి ఇంకో పని తెలిసిన మనిషితో మాట్లాడినట్టు ఉంది. "మెట్టు ఎత్తుగుంది, పైలం."

ఆ రోజు తర్వాత మా ఇంటి నియమం గురించి నేను ఎక్కడా గొప్ప చెప్పుకోలేదు.

ఆ తర్వాత కూడా ఏడాదికొకసారి వెళ్లాను. కిటికీ పక్క కూర్చుని, ఆయన వడ్డిస్తుంటే తిని వచ్చాను. ప్రతిసారీ ఒక్క ప్రశ్న నోటిదాకా వచ్చేది. ఆ దొరలిల్లు ఏ ఊళ్లో అని. ఎవరు కనబడినా ముందు మా ఊరి పేరు చెప్పుకునే మనిషిని నేను, ఆయనకు మాత్రం ఎన్నడూ చెప్పలేదు, ఆయన ఊరు అడగలేదు. అమ్మ కూడా అడగలేదు. అడిగితే ఏ పేరు వినవలసి వస్తుందోనని ఇద్దరికీ భయమే. ఆయన అబద్ధం చెప్పడని నాకు తెలుసు. అందుకే అడగలేదు.